మాటల పుట్టుక : ఆర్మడా

ఇంగ్లండు చరిత్ర చదువుకొను బాలికల పుస్తకములలో ‘ఆర్మడా’ యను మాట తప్పక వచ్చును. దాని కర్థమేమని పిల్లలడిగినచో, ‘ఓడిపోయిన స్పెయినువారి ఓడల గుంపు’ అని చెప్పి ఊరకుందుము. నిజమునకు ఆ మాటలో ఓటమియు లేదు, ఓడయు లేదు.

లాటిను భాషలో ‘ఆర్మ’ యనగా ఆయుధములు, పనిముట్లు. దానినుండి ‘ఆయుధములు పూనినది’ యను అర్థమున ‘ఆర్మాత’ యేర్పడెను. అదియే స్పానిషున ‘ఆర్మడా’ యను స్త్రీలింగపదమై నౌకాసైన్యమునకు పేరైనది. ఫ్రెంచివారి ద్వారమున ఇంగ్లీషునకు వచ్చి ‘ఆర్మీ’ యైనది. తోబుట్టువులలో ఒకతె కడలి కాపురమునకును, ఒకతె నేల కాపురమునకును పోయినట్లున్నది. వీరి దాయాది యొకతె మన యిండ్లలోనే కలదు. ఆయుధములు, పనిముట్లు దాచు పెట్టెను లాటినువారు ‘ఆర్మారియం’ అనిరి. అది పోర్చుగీసువారి నోట మారి, వారితో మన దేశమునకు వచ్చి, హిందుస్తానీ మీదుగా ‘అలమార’ యైనది. చీరలు మడిచి పెట్టుకొను మనకు దాని పుట్టింట కత్తులుండెనని తోచునా! అమెరికా ఖండములలో ఒంటినిండ పెంకు గల చిన్న జంతువును స్పెయినువారు ‘ఆర్మడిల్లో’ అనిరి. బుల్లి కవచధారి యని భావము.

1588లో స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు ఇంగ్లండుపైకి సుమారు 130 ఓడలను పంపెను. స్వదేశమున దాని కిడిన పేరు ‘ఘనమైన, మిక్కిలి అదృష్టము గల ఆర్మడా’. ‘అజేయ’ యనుట ఇంగ్లీషువారి ఎగతాళి. కలే రేవు కడ నిప్పంటించిన ఓడలను దానిమీదికి వదలిరి. గ్రావెలీన్ యెదుట ఫిరంగుల పోరు జరిగెను. స్కాట్లండు, ఐర్లండుల చుట్టు తిరిగిపోవునపుడు తుపానులలో ఓడలు రాళ్లకు కొట్టుకొని, వేలకొలది జనులు మడిసిరి. మరుసటి సంవత్సరమే, 1589లో, ఎలిజబెత్తు రాణి డ్రేకు, నారిస్ అనువారి వెంట స్పెయిను, పోర్చుగలులపైకి పంపిన పెద్ద నౌకాదళమును విఫలమయ్యెను. రోగములకు అనేకులు బలియైరి. ఆ సంగతి పిల్లల పుస్తకములలో మాకంతగా కనబడలేదు.

గెలిచినవారి భాషలో పొరుగువారి సామాన్యపు మాట యొక ఓటమికి గురుతైపోయినది. ఇప్పుడు ఇంగ్లీషున పెద్ద ఓడల గుంపును, కదలివచ్చు విమానముల దండును గూడ ఆర్మడా యందురు. స్పెయిను, చిలీ, ఆర్జెంటీనాలలో నేటికిని నౌకాసైన్యము పేరు ఆర్మడాయే. అక్కడి తల్లి ‘మా అబ్బాయి ఆర్మడాలో నున్నాడు’ అనినచో, కొడుకు ఉద్యోగము మాట చెప్పుచున్నదే గాని, 1588 ఆమెకు జ్ఞప్తికి వచ్చి కాదు.