ఎస్‌ఎస్‌డీకి శాంతి చేయించాలా?

కంప్యూటర్ కాస్త మొరాయిస్తే చాలు, మనవాళ్ళ చెయ్యి మౌస్ కుడి బటన్ మీదికి పోతుంది. అక్కణ్ణుంచి ‘రిఫ్రెష్’ మీదికి. ఒక్కసారితో ఆగరు, టకటకా ఐదారుసార్లు కొడతారు. ఆ ఆప్షన్ చేసే పని తెర మీది ఐకాన్లను మళ్ళీ గీయడం మాత్రమే. దానివల్ల మెమరీ ఖాళీ కాదు, ప్రాసెసర్ వేగం వీసమెత్తు పెరగదు. ఈ సంగతి తెలిసిన ఇంజనీర్లు కూడా కొడుతూనే ఉంటారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒకరిని చూసి ఒకరికి అబ్బిన ఈ అలవాటు వీసాతోపాటు విమానమెక్కి గల్ఫ్ దాకా వచ్చేసింది.

మస్కట్‌లో సీబ్ విలాయత్ కిందికి వచ్చే తీరప్రాంతం అల్ హైల్. అక్కడి ఫ్లాట్లలో కాపురముండే తెలుగు కుటుంబానికి ల్యాప్‌టాప్ అంటే ఆఫీసు పని ఒక్కటే కాదు. పిల్లల హోంవర్కు అందులోనే, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్ అందులోనే, పదేళ్ళ ఫొటోలూ అందులోనే. అది నెమ్మదిస్తే ఇంట్లో అందరికీ కాళ్ళూచేతులూ ఆడవు. అప్పుడు మొదలవుతాయి నివారణోపాయాలు. రన్ బాక్సు తెరిచి ‘టెంప్’, ‘ప్రీఫెచ్’ ఫోల్డర్లు ఊడ్చేయడం, డీఫ్రాగ్ కొట్టడం, ఎవరో పంపిన ‘ఆప్టిమైజర్’ ఎక్కించడం. వీటిలో ప్రీఫెచ్ ఊడ్చడం మరీ చోద్యం. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడం కోసం విండోస్ రాసి పెట్టుకున్న గుర్తులవి. చెరిపేస్తే తర్వాతిసారి అవే ప్రోగ్రాములు ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి.

డీఫ్రాగ్‌కు మాత్రం ఒకప్పుడు అర్థం ఉండేది. హార్డ్ డిస్కులో తిరిగే పళ్ళెం, దాని మీద కదిలే హెడ్ ఉంటాయి. ఫైలు ముక్కలుముక్కలుగా చెదిరితే హెడ్ అటూ ఇటూ పరుగెత్తాలి. ముక్కలన్నీ ఒకచోట చేరిస్తే ఆ పరుగు తప్పేది. విండోస్ 98 రోజుల్లో రంగురంగుల గళ్ళు సర్దుకుంటుంటే గంటల తరబడి చూస్తూ కూర్చున్నవాళ్ళకు ఆ తృప్తి ఇంకా గుర్తే. ఎస్‌ఎస్‌డీలో పళ్ళెమూ లేదు, హెడ్డూ లేదు. పైగా డేటా ఏ చిప్‌లో ఏ గదిలో ఉందో విండోస్‌కే తెలియదు. ఆ లెక్క డ్రైవ్ లోపలి కంట్రోలర్ దగ్గర ఉంటుంది. బయటి సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది వరస నంబర్లే. కాబట్టి ‘మీ ఎస్‌ఎస్‌డీలో డేటాను క్రమపద్ధతిలో అమర్చాం’ అని గొప్పలు పోయే సాఫ్ట్‌వేర్ తాను చూడని గదిని సర్దానంటోంది.

మరి ఎస్‌ఎస్‌డీ అసలు నెమ్మదించదా? నెమ్మదిస్తుంది. హేతువాది తడబడకూడని చోటు ఇదే. ‘అంతా భ్రమ’ అని కొట్టిపారేయడం కూడా పరిశీలన లేని మాటే.

ఎస్‌ఎస్‌డీలో ఉండే ఫ్లాష్ మెమరీలో రాసేది పేజీల చొప్పున, చెరిపేది పెద్ద బ్లాకుల చొప్పున. మనం ఫైలు డిలీట్ చేసినా ఆ సంగతి డ్రైవ్‌కు చెప్పేవాళ్ళు లేకపోతే, అది చచ్చిన డేటాను కూడా భద్రంగా మోస్తూ తిరుగుతుంది. ఆ కబురు అందించే ఏర్పాటే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి అది ఉంది. విండోస్ 8 నుంచి ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’ దానంతట అదే, మామూలుగా వారానికోసారి, ఈ పని చేసి పెడుతోంది. డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్లు ‘ఎస్‌ఎస్‌డీ బూస్ట్’ పేరుతో చేసేది చాలావరకు ఇదే కబురును ఇంకోసారి అందించడం. ఇక డ్రైవ్ అంచుదాకా నిండిపోతే కంట్రోలర్‌కు ఊపిరాడదు. చిప్ బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇవన్నీ కారణం తెలిసిన జబ్బులు.

సాఫ్ట్‌వేర్‌తో నిజంగా నయమైన జబ్బు కూడా ఒకటుంది. శాంసంగ్ 840 ఈవో డ్రైవ్ 2013లో మార్కెట్‌లోకి వచ్చింది. ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే రకం, అంటే ఎనిమిది వోల్టేజీ మెట్లను తేడా పట్టాలి. 2014లో వాడకందార్లు ఒక వింత గమనించారు. కొత్తగా రాసిన ఫైళ్ళు సెకనుకు 500 మెగాబైట్ల పైచిలుకు వేగంతో వస్తున్నాయి, నెలల తరబడి కదలని పాత ఫైళ్ళు 100కు కూడా అందడం లేదు. కాలం గడిచేకొద్దీ సెల్‌లోని చార్జి కొద్దికొద్దిగా జారుతుంది. ఆ జారుడును ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) సరిగా లెక్కగట్టలేక అదే పేజీని మళ్ళీమళ్ళీ చదువుతోంది. 2014 అక్టోబరులో శాంసంగ్ ఫర్మ్‌వేర్ మార్చి, పాత డేటా మొత్తాన్ని తిరగరాసే టూల్ ఇచ్చింది. డ్రైవ్‌లు చురుగ్గా లేచి కూర్చున్నాయి. కొన్ని నెలలకు మళ్ళీ పడకేశాయి. 2015 ఏప్రిల్‌లో ఇంకో ఫర్మ్‌వేర్ ఇచ్చి, పాత డేటాను డ్రైవే అప్పుడప్పుడూ తిరగరాసుకునేలా చేశారు.

ఈ కథలో ఒక మెలిక ఉంది. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ లాంటి ప్రసిద్ధ పరీక్ష సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు కొత్త ఫైలు రాసి దాన్నే చదువుతుంది. రోగం పాత ఫైళ్ళలో. అందువల్ల ఆ పరీక్షలో జబ్బు డ్రైవ్ కూడా ఫస్ట్ క్లాసులో పాసైపోయింది. డ్రైవ్ మొత్తాన్ని మొదటినుంచీ చివరిదాకా చదివించినవాళ్ళకే లోపం పట్టుబడింది.

నిప్పుల గుండం తొక్కేవాళ్ళ కాళ్ళు చాలామందికి కాలవు. అది అబద్ధమేమీ కాదు. గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం వాళ్ళు ఏ దేవుడికీ మొక్కకుండానే నిప్పుల మీద నడిచి చూపించారు. బూడిద కప్పిన కట్టెల బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం నిలిచేది క్షణకాలం. ఫలితం నిజం, దానికి చెప్పే కారణమే తప్పు. తిరగరాత విషయంలోనూ జరుగుతున్నది ఇదే. 1980ల నాటి హార్డ్ డిస్కుల కోసం పుట్టిన స్పిన్‌రైట్ 2024లో 6.1 వెర్షన్‌తో ఎస్‌ఎస్‌డీల రంగంలోకీ వచ్చింది. డ్రైవ్‌లోని డేటా అంతా చదివి మళ్ళీ అక్కడే రాస్తే పాత వేగం తిరిగొస్తుందని దాని అభిమానులు చెబుతారు. చార్జి జారిన డ్రైవ్‌లో అది జరిగే పనే. కారణం తెలిసిన జబ్బుకు తెలిసిన మందు. జారుడు ఉందో లేదో చూడకుండా నెలనెలా, ప్రతి డ్రైవ్‌కూ, భయంతో చేయించే తిరగరాత మాత్రం గ్రహశాంతే.

అవతలి గట్టున ఇంకో మూఢనమ్మకం ఉంది: ‘రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగి చచ్చిపోతుంది’. 1 టెరాబైటు శాంసంగ్ 870 ఈవోకు కంపెనీ ఇచ్చిన హామీ 600 టెరాబైట్ల రాత. నెలకోసారి పూర్తిగా తిరగరాసినా ఏడాదికి 12 టెరాబైట్లు, అంటే హామీలో 2 శాతం. ది టెక్ రిపోర్ట్ పత్రిక 2013లో ఆరు డ్రైవ్‌లతో మొదలుపెట్టిన ఓర్పు పరీక్షలో ఆరూ 700 టెరాబైట్లు దాటాయి. అందులో ఒకటి 2,400 టెరాబైట్ల దాకా లాగింది. కాబట్టి తిరగరాత మహాపాపం కాదు. జబ్బు లేనిచోట దండగ, అంతే.

దసరా నాడు ల్యాప్‌టాప్‌కు పెట్టే కుంకుమ బొట్టు ఖర్చు లేనిది, వేగం మూడింతలు చేస్తానని మాట కూడా ఇవ్వదు. వేగం పెంచుతామనే సాఫ్ట్‌వేర్ల వ్యాపారం అలాంటిది కాదు. 1995లో సాఫ్ట్‌ర్యామ్ అనే సరుకు మెమరీని రెట్టింపు చేస్తానంటూ లక్షల కాపీలు అమ్ముడుపోయింది. లోపల చూస్తే అలాంటి పనేమీ లేదు. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో ఉచిత ‘పీసీ హెల్త్ చెక్’ నడిచింది. మొదట నాలుగు ప్రశ్నలు: కంప్యూటర్ నెమ్మదిగా ఉందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, క్రాష్ అవుతోందా, పాపప్‌లు పడుతున్నాయా? ఒక్కదానికి ‘అవును’ అన్నా స్కాన్ ఫలితంతో పనిలేకుండా మాల్‌వేర్ జాడలు దొరికాయని చూపించేది. ఆ పైన రిపేరు బిల్లు. 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పరిష్కారం కింద ఆఫీస్ డిపో, దానికి ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిపి 3.5 కోట్ల డాలర్లు చెల్లించాయి. భక్తుడు తన కష్టం చెప్పుకోగానే అదే కష్టాన్ని తిరిగి చెప్పే సోదెకు కంప్యూటర్ రూపం ఇది.

అల్ హైల్ వాసులు పట్టించుకోవాల్సిన అసలు సంగతి వేరే ఉంది, ఎండ. మస్కట్ గవర్నరేట్‌లోనే ఉన్న ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న రోజు మొత్తం మీద కనిష్ఠ ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలు. అంటే అర్ధరాత్రి కూడా అంతకంటే కిందికి దిగలేదు. మెమరీ పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ, హామీ మేరకు రాతంతా అయిపోయాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలబెట్టుకోవాలి. వేడి పెరిగేకొద్దీ చార్జి జారుడూ పెరుగుతుంది. వేసవి సెలవులకు ఏసీ ఆపి, తలుపు తాళం పెట్టి ఇండియాకు వచ్చే ఇళ్ళలో సొరుగులో పడున్న పాత డ్రైవ్ పరిస్థితి ఆలోచించదగ్గదే. కొత్త డ్రైవ్‌కు ఆ రెండు నెలలు లెక్కలోనివి కావు. బాగా వాడి అరగదీసిన డ్రైవ్‌కు అయితే లెక్కే.

కనుక ఎవరైనా ఎస్‌ఎస్‌డీ వేగం పెంచే సాఫ్ట్‌వేర్ కొనమంటే ముందు ఒక పాత పెద్ద ఫైలును ఇంకో వేగమైన డ్రైవ్‌లోకి కాపీ చేసి ఎంత సేపు పట్టిందో రాసుకోండి. ఏ సాఫ్ట్‌వేరూ వేయకుండా ఒట్టి రీస్టార్ట్ కొట్టి ఇంకోసారి చూడండి. చాలా ఆప్టిమైజర్ల మహిమ ఆ రీస్టార్ట్‌లోనే ఉంటుంది. డ్రైవ్‌లో కొంత ఖాళీ ఉంచండి, ఫర్మ్‌వేర్ కొత్తది ఉందేమో తయారీ కంపెనీ సైట్‌లో చూడండి. అప్పటికీ పాత ఫైలు నత్తనడక నడుస్తూ కొత్త ఫైలు పరుగెడుతుంటే తిరగరాత చేయించవచ్చు. అది చేయించే ముందు, సెలవులకు బయల్దేరే ముందు కూడా, ఫొటోలను ఇంకో డిస్కులోకి కాపీ చేసి దాన్ని మీ వెంట తీసుకెళ్ళండి.