నోటిమాట – రసీదు

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేరుస్తున్నది. ఆ దారినే ఎందరో తెలుగువారు పనికోసం కిరండూల్ చేరారు. గనుల ఊళ్ళో బదిలీలు సహజం. అద్దెకున్నవారు తరచు మారుతుంటారు. రెండు గదులు అద్దెకిచ్చి తానే చూసుకొనే యజమానికి గుమాస్తా ఉండడు గనుక నోటిమాటతో సరిపెట్టుకుంటాడు. అది ఇరువురికీ చేటు.

ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం, 2011 ప్రకారం ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండవలెను. ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం విధించింది. 11 నెలల పత్రాల వాడుకకు మూలమిదే.

అడ్వాన్సు ఎంత, గది అప్పగించిననాడు కరెంటు మీటరు అంకె ఎంత, తలుపులూ కిటికీలూ ఏ స్థితిలో ఉన్నవి – ఇవన్నీ వ్రాసి ఇరువురూ సంతకాలు చేయాలి. నెలనెలా రసీదు ఇవ్వాలి. ఖాళీ చేసేనాడు యజమాని అడిగే మరమ్మతు ఖర్చుకూ, అద్దెదారు తిరిగి కోరే అడ్వాన్సుకూ ఆ కాగితాలే సాక్షి.