ఎల్ఎల్ఆర్ పాసైతే బండి వచ్చినట్టు కాదు

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. రవాణా శాఖ కార్యాలయాల్లో ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) స్లాట్లకు గిరాకీ పెరిగే రోజులివి. పద్దెనిమిది నిండిన పిల్లలు, నిండీ నిండనివాళ్లు, వెనక తండ్రులు, అందరికంటే ముందు ఏజెంట్లు. కంప్యూటర్ మీద ఇరవై ప్రశ్నలు వస్తాయి, పన్నెండు ఒప్పయితే చాలు. పొద్దున పాసైన కుర్రాడు సాయంత్రానికల్లా బైపాస్ మీద ఉంటాడు, వెనక సీటు మీద ఇద్దరు స్నేహితులతో. ఈ హెచ్చరిక ఆ సాయంత్రం గురించి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. చేతికొచ్చిన ఆ కాగితం బండి నడపడానికి కాదు, నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోది ఈ మాట స్పష్టంగా చెబుతోంది. కారైతే లైసెన్సున్న మనిషి పక్కన కూర్చుని నేర్పాలి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం కనపడాలి. బైకు మీద నేర్పేవాళ్లు తప్ప మరొకరు ఎక్కకూడదు. బీమా పాలసీ వెనక చిన్న అక్షరాల్లో కూడా ఇదే షరతు ఉంటుంది: లెర్నర్ నడపవచ్చు, కానీ ఆ మూడో నిబంధన పాటిస్తేనే. స్నేహితుణ్ణి ఎక్కించుకుని వెళ్లి ఎవరినైనా గుద్దితే బీమా సంస్థ కొర్రీ వేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

పదహారేళ్లకే లైసెన్సు వస్తుందన్నది సగం నిజం. అది యాభై సీసీ దాటని, గేర్లు లేని బండికి మాత్రమే. మన వీధుల్లో ఇంటర్ పిల్లలు నడిపే స్కూటర్లు 110, 125 సీసీవి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ‘మా వాడు జాగ్రత్తపరుడే’ అన్న మాట కోర్టులో పనికిరాదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో హెల్మెట్ లేక పోయినవాళ్లే యాభై వేల మంది. ఇవి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కలు.

ఇంత జరుగుతుంటే ఆ బిట్ల పరీక్ష ఎందుకు, ఎత్తేయండి అనేవాళ్లున్నారు. బండి రోడ్డు మీదే వస్తుంది, పుస్తకంలో రాదు అని వాదన. వినడానికి బాగానే ఉంది గానీ, రోడ్డు నేర్పలేనివి కొన్ని ఉన్నాయి. నేర్పినా, ఒక్కసారే నేర్పి మనిషిని మిగల్చకుండా పోయేవి అవి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనో, సెకనున్నరో పడుతుంది. ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది. ఎండిన తారు రోడ్డు మీద కూడా వెరసి అరవై మీటర్ల దాకా కావాలి. డిమ్ లైటు వెలుగు అంత దూరం సరిగా పడదు. ‘ఆగి ఉన్న లారీని ఢీకొని’ అని జిల్లా పేజీల్లో తరచూ చదువుతున్నామే, ఆ వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. ఇది అనుభవం మీద తెలుసుకోవలసిన విషయం కాదు, బండి ఎక్కకముందే తెలిసి ఉండాలి.

బండ్లు గుండ్రంగా తిరిగే సర్కిల్‌లో ఎవరికి దారివ్వాలో అడిగి చూడండి. అప్పటికే లోపలున్న బండికి ఇవ్వాలని 2017 డ్రైవింగ్ నియమాలు చెబుతున్నాయి. మన ఊళ్లలో మాత్రం పెద్ద బండికో, గట్టి హారన్‌కో ఇస్తున్నాం. ప్రమాదం చేసినవాడు గాయపడినవాణ్ణి ఆస్పత్రికి చేర్చాలి. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే తప్ప ఇది తప్పనిసరి అని చట్టం చెబుతోంది. మన జనం సంగతి చట్టం రాసినవాళ్లకు బాగానే తెలుసు! దారినపోతూ సాయం చేసినవాడికి కేసుల భయం లేకుండా 2019లో 134ఏ సెక్షన్ తెచ్చారు. ఇవన్నీ తెలియాలంటే చదవాలి. మనలో చాలామంది జీవితంలో రోడ్డు నియమాలు చదివేది ఎల్ఎల్ఆర్ ముందురోజు రాత్రి మాత్రమే. ఆ ఒక్క రాత్రిని కూడా పోగొట్టుకోకూడదు.

అందుకే ఈ పరీక్ష ఇప్పుడున్న తీరు మరింత కోపం తెప్పిస్తోంది. నూటికి అరవై వస్తే చాలంటే, ఇరవైలో ఎనిమిది తెలియకపోయినా ఫరవాలేదని అర్థం. ఆ ఎనిమిదిలో బడి దగ్గరి గుర్తు ఉండవచ్చు, ‘ఆగుము’ ఉండవచ్చు. ఏది తప్పు రాశావో చెప్పి పంపే పద్ధతి ఉందా అంటే, పాస్ లేదా ఫెయిల్ చూసుకుని బయటికి రావడమే. ఫోన్లలో ప్రశ్నల యాప్‌లు ఉన్నాయి. ఈఏపీసెట్ బిట్లు బట్టీ కొట్టిన పిల్లలకు ఇదొక లెక్కా?

ప్రశ్నల పరిధి కూడా పాతదే. కాపలా లేని రైల్వే గేటు దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు తెలియాలని అవే కేంద్ర నిబంధనల్లో పదకొండోది అంటుంది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో అలాంటి గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు పోయారు. బండి ఆపి, ఒకరు కిందికి దిగి పట్టాలు చూసి రావాలన్న సెక్షన్ అప్పటికి పాతికేళ్లుగా చట్టంలో ఉంది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లే లేవు, 2019 జనవరి నాటికి తీసేశారు. ఈనాటి చావులు ఎక్కడున్నాయి? హైవే మీద రాంగ్ రూట్‌లో, యూటర్న్ దగ్గర, చేతిలోని ఫోన్‌లో. ప్రశ్నలు అక్కడికి రావాలి.

బ్రిటన్‌లో రాతపరీక్ష 1996లో వచ్చింది. అక్కడ యాభై ప్రశ్నలకు 43 రాయాలి. అది చాలదని 2002 చివర్లో వీడియో పరీక్ష చేర్చారు. కదిలే రోడ్డు తెర మీద కనిపిస్తుంది. ముంచుకొచ్చే ప్రమాదాన్ని పసిగట్టిన క్షణంలో బటన్ నొక్కాలి. ఊరికే వరసగా నొక్కుతూ పోతే ఆ వీడియోకు సున్నా. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు అక్కడ మొదటి పన్నెండు నెలలు భారతీయ లైసెన్సుతో నడపవచ్చు, తర్వాత ఈ పరీక్ష రాయాల్సిందే. అక్కడా దొంగ అభ్యర్థులు, చెవిలో బ్లూటూత్‌లు పట్టుబడుతూనే ఉన్నాయి. కాబట్టి అక్కడంతా స్వర్గమని మేం అనడం లేదు. బట్టీతో గట్టెక్కలేని భాగం ఒకటి ఆ పరీక్షలో ఉందని మాత్రం అంటున్నాం. ఫోన్ల మీద వీడియో ఆటలు ఆడే పిల్లలున్న దేశంలో అలాంటిది తయారు చేయడం కష్టమా?

ఇక ఏజెంట్ల సంగతి. కొన్ని రాష్ట్రాల్లో ఆధార్ ధ్రువీకరణతో ఇంటినుంచే ఎల్ఎల్ఆర్ పరీక్ష రాసే వీలు వచ్చింది. తిరుగుడు తగ్గింది, మంచిదే. కానీ కెమెరా ముందు ముఖం పిల్లాడిది, పక్కనుంచి మౌసు నొక్కే చేయి ఇంకొకరిదీ అయితే ఆ పరీక్ష ఎవరు రాసినట్టు? డబ్బిచ్చి పాసు చేయించుకోవడం లంచం లెక్కలో చిన్నది కావచ్చు, మీ బిడ్డ ప్రాణం లెక్కలో కాదు.

ప్రభుత్వాలు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పాసు మార్కులు పెంచాలి. బడి, పాదచారి, ‘ఆగుము’ గుర్తుల్లో ఒక్కటి తప్పినా మళ్లీ రమ్మనాలి. తప్పు రాసిన ప్రశ్నకు జవాబు తెలుగులో చూపించి మరీ పంపాలి. మన రోడ్ల మీద తీసిన వీడియోలతో ప్రమాదాన్ని పసిగట్టే పరీక్ష పెట్టాలి. పల్లెల్లో చదువు తక్కువైన డ్రైవర్లకు వినిపించే ప్రశ్నలుండాలి, వాళ్లను వదిలేసి మార్కులు పెంచితే ఏజెంట్ల రేటే పెరుగుతుంది.

అదంతా జరిగేదాకా ఈ వేసవి ఆగదు. అందుకని అమ్మానాన్నలకు ఒక మాట. ఈ రాత్రి భోజనాల దగ్గర మీరే అడగండి. ఎనభైలో బ్రేకు వేస్తే బండి ఎంత దూరంలో ఆగుతుంది? సర్కిల్‌లో ముందు ఎవరు పోవాలి? అంబులెన్సు వెనక వస్తే ఏం చేస్తావు? ఎవరికైనా తగిలితే ముందు ఎక్కడికి తీసుకెళ్తావు? జవాబు చెప్పడానికి తడబడితే, ఎల్ఎల్ఆర్ జేబులో ఉన్నా సరే, తాళం మీ దగ్గరే ఉంచుకోండి.