చట్టము చాటున సరకు

"లేబులు చట్టమునకు సరిపోయిన చాలును, కొనువాడు ఏమనుకొనిన మాకేమి?" అను మాట మన వర్తకులలో కొందరి నోట వినబడుచున్నది. ఈ వాదమును మేము ఖండించుచున్నాము.

అమెరికాలో ఈ వాదమే సుప్రీంకోర్టు దాక పోయి ఓడినది. కోకాకోలా కంపెనీ మినిట్ మెయిడ్ పేర నొక పండ్లరసమును అమ్మెను. సీసాపై దానిమ్మ, బ్లూబెర్రీ పేర్లు పెద్ద అక్షరములలో నుండెను. లోపల నూటికి 99.4 పాళ్లు ఆపిల్, ద్రాక్ష రసములే, దానిమ్మరసము 0.3 పాలు, బ్లూబెర్రీరసము 0.2 పాలు మాత్రమే. దానిమ్మరసము నమ్ము పామ్ వండర్‌ఫుల్ కంపెనీ 2008లో ఫెడరల్ కోర్టున దావా వేసెను. ఆహారశాఖ నిబంధనల ప్రకారమే లేబులు వేసితిమి గనుక పోటీదారునకు దావా హక్కు లేదని కోకాకోలా వాదించెను. క్రింది కోర్టులు లేబులు విషయమున ఆ వాదమునకే మొగ్గినవి. కాని 2014 జూన్ 12న సుప్రీంకోర్టులో విచారణ జరిపిన ఎనిమిదిమంది న్యాయమూర్తులును ఏకగ్రీవముగా ఆ తీర్పును త్రోసిపుచ్చి, 1946 నాటి లాన్‌హామ్ చట్టము క్రింద పోటీ వర్తకుడు దావా వేయవచ్చునని నిర్ణయించిరి.

పిమ్మట 2016లో జ్యూరీ కోకాకోలా పక్షముననే తీర్పు చెప్పెను. కనుక ఆ కంపెనీ మోసము చేసెనని మేమనము. దావా వేసిన పామ్ కంపెనీ సంగతియు చూడుడు: తమ రసము గుండెజబ్బు మున్నగువానికి మేలుచేయునను దాని ప్రకటనలు పలువిధముల మోసకరములని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో తేల్చెను, 2015లో అప్పీలు కోర్టు ఆ నిర్ణయమును చాలవరకు సమర్థించెను. ఎదుటివాని త్రాసును తప్పుపట్టువాని త్రాసునుగూడ లోకము పరీక్షించును.

"పొరుగువా డట్లే అమ్ముచుండ మేమొక్కరమే హరిశ్చంద్రులమై బ్రదుకుట ఎట్లు?" అందురు కొందరు. పెద్ద అక్షరములలో నువ్వులనూనె యని వ్రాసి, కలిపిన నూనె పేరు చీమతలకాయంత అక్షరములలో వ్రాసినచో నష్టపోవునది కొనువాడొక్కడే కాదు. అసలు నువ్వులనూనె అమ్ము ప్రక్క అంగడివాడును నష్టపోవును. అతడు మన తెలుగువాడే కావచ్చును.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా అంగళ్లు నడుపుచున్న మనకు పేరే పెట్టుబడి. ఒకని డబ్బాలోని కల్తీ తెలుగువారందరి లెక్కలో వ్రాయబడును. కావున వర్తక సోదరులారా, సరకులో ఏది ఎక్కువయో దాని పేరే పెద్దదిగా వ్రాయుడు. మోసపోయిన ఖాతాదారుడు కోర్టుకు రాడు. మారుమాటాడక మరొక అంగడికి పోవును. ఆ తీర్పునకు అప్పీలు లేదు.