ఛాసీ కోసేముందు ఒక్క మాట

పొడవాటి పాత పికప్ బండిని చవగ్గా కొని, దాని ఛాసీని నడుమ కోసి, పొట్టిగా అతికించి, రంగు వేసి తిప్పుకోవడం ఒక సరదా. ఈ సరదాకు పుట్టిల్లు అమెరికా. అక్కడ 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సి-10 పికప్‌లు రెండు కొలతల్లో దొరికేవి. ఎనిమిది అడుగుల తొట్టి ఉన్న బండికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 127 అంగుళాలు, ఆరున్నర అడుగుల తొట్టి ఉన్నదానికి 115 అంగుళాలు. ఆ రోజుల్లో పనిపాటలు చేసుకునేవాళ్లకు పొడుగుబండే అక్కరకు వచ్చింది. ఇప్పుడు షోకుకు తిప్పేవాళ్లు పొట్టిబండి కోసం ఎగబడుతున్నారు. పొట్టివి దొరకనివాళ్లు పొడుగుదాన్నే కొని, నడుమ 12 అంగుళాలు, వెనక మరికొంత తీసేసి పొట్టిది చేసుకుంటున్నారు.

మన దేశంలో ఈ ముచ్చట జీపుల మీద తీరుతున్నది. హర్యానాలోని డబ్వాలీ పట్నం పాత జీపుల్ని కోసి, అతికి, కొత్త రూపు తెచ్చే షెడ్లకు పేరుపడింది. ఆ బండ్ల ఫోటోలు చూసి మన కొత్తచెరువు కుర్రకారుకు కూడా మనసు లాగడం సహజమే. "ఏముందన్నా, ఒక అడుగు కోసి వెల్డింగ్ కొట్టిస్తే సరిపాయె" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. సరిపోదు మిత్రులారా! ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొదటి సంగతి, బండి ఎందుకున్నది? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా నమ్మకం లేని వాన, కురిసే మెట్ట ఇది. ఇక్కడ బండి అంటే శెనక్కాయ మూటలు, పశువుల మేత, మల్బరీ ఆకు, మార్కెట్టుకు పోయే పట్టుగూళ్లు, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకు. ఎనిమిది అడుగుల తొట్టిని ఆరున్నర చేస్తే పోయేది ఒకటిన్నర అడుగే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. బరువు పట్టే చోటులో ఐదో వంతుకు దగ్గరగా పోయినట్టే. ఐదు ట్రిప్పులకు తెచ్చే మేతకు ఆరో ట్రిప్పు వేయాలి. డీజిలెవరు పోస్తారు?

తొట్టిని తగ్గించకుండా ఛాసీ ఒక్కటే తగ్గిస్తే? అది ఇంకా ప్రమాదం. ఎద్దులబండి తోలినవాళ్లకు ఈ సూత్రం ఏ ప్రొఫెసరూ చెప్పనక్కర్లేదు. బరువు ఇరుసు వెనక్కి జరిగితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు కింద పలుపు బిగుసుకుంటుంది. పికప్‌లో ఎద్దులు లేవు, ముందు చక్రాలున్నాయి. బరువు వెనక్కి జరిగినకొద్దీ ఆ చక్రాలు నేలను పట్టడం మానేస్తాయి, స్టీరింగ్ తేలిపోతుంది. గతుకుల్లో బండి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బ్రేకు కొట్టినప్పుడు బరువు ముందుకు జరిగే తీరు కూడా మారిపోతుంది.

రెండో సంగతి, కోత. నిచ్చెనకు రెండు నిలువు బొంగులు, మధ్య మెట్లు ఉన్నట్టే ఛాసీకి రెండు పొడవు దూలాలు, మధ్య అడ్డదూలాలు ఉంటాయి. ఎక్కిన బరువంతా ఆ రెండు దూలాల మీదనే. దూలాన్ని నిట్టనిలువుగా ఒకే గీతలో కోసి అతికితే బలహీనత అంతా ఆ ఒక్క గీతలోనే కూర్చుంటుంది. అందుకే తెలిసిన మేస్త్రీ మెట్టులాగా అడ్డం తిప్పి కోస్తాడు, లోపల అతుకుపట్టీ వేస్తాడు, ఆ పట్టీ కొసలు ఏటవాలుగా తీస్తాడు. కోసే ముందే ఛాసీని సమంగా నిలబెట్టి, మూల నుంచి మూలకు టేపు పట్టి రెండు కొలతలూ ఒకటేనా అని చూస్తాడు. వెల్డింగ్ వేడికి ఉక్కు లాక్కుంటుంది కాబట్టి అతికిన తర్వాత మళ్లీ కొలుస్తాడు. ఆ మూలకొలతలు తప్పితే బండి జీవితమంతా ఎండ్రకాయలాగా పక్కకు నడుస్తుంది. ఇంతటితో అయిందా? ప్రొపెల్లర్ షాఫ్టును కోసి, లేతు మీద పెట్టి, బ్యాలెన్స్ చూడాలి. బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేకు తీగ, డీజిలు పైపు, వైరింగు అన్నీ కొత్త కొలతకు మార్చాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా అది రోడ్డు మీదనే బయటపడుతుంది. ఆ రోడ్డు మీద పోయే బండి తొట్టిలో ఎవరుంటారు? సరుకుబండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉన్నా, కూలికి పోయే మన అమ్మలు, అక్కలు తెల్లారకముందే ఎక్కి నిలబడేది ఆ తొట్టిలోనే. అతుకు తెగితే రాలేది శెనక్కాయలు కాదు.

మూడో సంగతి, చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. రెండు ఇరుసుల మధ్య దూరం ఆ వివరాల్లో ఒకటి. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్టసవరణ ప్రకారం ఇలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంకొకటి. 50 ఏళ్లు దాటిన సొంతవాడకపు కార్లకు, జీపులకు 'వింటేజ్' రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. ఛాసీని గానీ ఇంజన్‌ను గానీ మార్చిన బండికి ఆ గౌరవం దక్కదు. అంటే తాతల నాటి జీపును 'వింటేజ్' అని మురిసిపోతూ కోసినవాడు, ఆ కోతతోనే దాని వింటేజ్ హక్కును కూడా కోసేస్తున్నాడు.

"మరి మన మెకానిక్కులకు చేతకాదంటావా?" అని ఎవరైనా అడగొచ్చు. ఆ మాట నేననను. గ్యారేజీల్లో పదేళ్ల వయసు నుంచి స్పానరు పట్టినవాళ్ల చేతివాటం ముందు మన డిగ్రీలు చిన్నబోతాయి. కాని వాళ్ల చేతికి కొలత, వాళ్ల పనికి పరీక్ష, వాళ్ల నైపుణ్యానికి కాగితం ఎవరిచ్చారు? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కార్లకు విడిగా ఛాసీ ఉండదు, ఒళ్లే ఛాసీ. రేపటి పిల్లవాడు అక్కడ ఉద్యోగం నేర్చుకుంటాడు గాని, నిచ్చెన ఛాసీ మర్మం నేర్చుకోడు. ఆ విద్య షెడ్డులోని ముసలి మేస్త్రీతోనే పోతుంది.

కనుక నేను కోరేది ఇది. రోడ్డు మీద తిరిగే బండిని కోయకండి. కోత నేర్చుకోవాలని ఉంటే తుక్కుకు పోయిన ఛాసీలు కావలసినన్ని ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో లోహాన్ని లాగి తెంచి బలం కొలిచే యంత్రాలున్నాయి. మేస్త్రీని కాలేజీకి పిలుద్దాం. ఆయన అతికి చూపిస్తే మనం లాగి చూపిద్దాం. నిలువుకోత ఎంత బరువుకు తెగింది, మెట్టుకోత ఎంతకు ఆగింది అన్నది మన కళ్లతోనే చూద్దాం. ఆయన అనుభవం, మన లెక్క ఒకచోట కలిస్తే రెండు పక్షాలకూ లాభమే. విద్యార్థి సంఘం ఏటా జరిపే ఉత్సవాల్లో ఆటలపోటీల పక్కన ఇలాంటి ప్రదర్శన ఒకటి పెడితే వచ్చే నష్టమేమీ లేదు.

తెగేదాకా లాగకూడదంటారు పెద్దలు. తెగినా ఎవరికీ దెబ్బ తగలని చోటు కాలేజీ ప్రయోగశాల. అక్కడ లాగుదాం, తెంపుదాం, నేర్చుకుందాం. మనుషులెక్కే బండిని మాత్రం దాని పొడవున దాన్ని బతకనిద్దాం.