తుడిచి చూపిస్తే అది అసలు ఫోటోయేనా?

డేటాలో మనకి నచ్చని భాగం తీసేసి, మిగిలింది చూపించి "ఇదిగో రిజల్టు" అంటే ఆఫీసులో ఎవరైనా ఒప్పుకుంటారా? మరి విశ్వశాస్త్రంలో చేసే 'డీలెన్సింగ్' కూడా అలాంటి వంటకమేగా అనేవాళ్ళున్నారు. కాదని నా వాదన. పైగా డేటా మీద బతికే మనలాంటివాళ్ళు దాన్నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ముందు సంగతేంటో చూద్దాం. బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3,80,000 ఏళ్ళకి బయల్దేరిన కాంతి ఇప్పటికీ మైక్రోవేవ్ రూపంలో అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించింది దీన్నే. దారిలో ఉన్న గెలాక్సీలు, కృష్ణపదార్థం తమ గురుత్వాకర్షణతో దీన్ని కాస్త వంచుతాయి. ఎంతా అంటే సుమారు రెండున్నర ఆర్క్‌మినిట్లు, చందమామ వెడల్పులో పన్నెండో వంతు. అంతేనా అనుకోకండి. ఈ వంపు వల్ల ఆ కాంతి పోలరైజేషన్‌లో 'ఇ-మోడ్' అనే నమూనా కొంత, మెలితిరిగిన 'బి-మోడ్'గా మారిపోతుంది. విశ్వం తొలి క్షణాల గురుత్వ తరంగాల ఆనవాలు కోసం వెతికేదీ ఆ బి-మోడ్‌లోనే!

2014 మార్చిలో బైసెప్2 బృందం ఆ ఆనవాలు దొరికిందని ప్రకటించింది. 2015లో ప్లాంక్ ఉపగ్రహం డేటాతో కలిపి చూస్తే, దాన్లో చాలా భాగం మన పాలపుంత ధూళిదేనని, మిగిలింది రుజువుగా సరిపోదని తేలింది. ధూళి వేరే ఫ్రీక్వెన్సీలో చూస్తే దొరికిపోతుంది. లెన్సింగ్ అలా దొరకదు, అన్ని ఫ్రీక్వెన్సీల్నీ ఒకేలా వంచుతుంది.

అందుకని వేరే సాక్షిని పిలుస్తారు. దూరపు గెలాక్సీల ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని బట్టి, కాంతిని వంచిన పదార్థం ఎక్కడెక్కడ ఉందో అంచనా వేస్తారు. దాన్ని ఇ-మోడ్ మ్యాపుతో కలిపి, లెన్సింగ్ వల్ల ఎక్కడ ఎంత బి-మోడ్ వచ్చి ఉండాలో ఒక టెంప్లేట్ కడతారు. 2020లో బైసెప్/కెక్, ఎస్‌పీటీపోల్ బృందాలు ఇదే చేసి చూపించాయి. నాకు నచ్చిందేంటంటే, వాళ్ళు అసలు మ్యాపుల జోలికి పోలేదు. టెంప్లేట్‌ని ఇంకో మ్యాపులా పక్కన చేర్చి, దాని నాయిస్‌ని కూడా లెక్కలోకి తీసుకుని విశ్లేషించారు.

ఫలితం? తొలి గురుత్వ తరంగాల బలాన్ని చెప్పే 'ఆర్' అనే సంఖ్యలో అనిశ్చితి 0.024 నుంచి 0.022కి తగ్గింది. పది శాతం కూడా సరిగ్గా లేదు. డెమోలో ఈ అంకె చూపిస్తే మేనేజరు ఆవలిస్తాడు. నా దృష్టిలో మాత్రం 2014 నాటి ఆర్భాటం కంటే ఇదే పెద్ద పని. డిటెక్టర్లు ఎంత మెరుగైతే లెన్సింగ్ అంత పెద్ద అడ్డుగోడ అవుతుంది. దాన్ని దాటే దారి నిజం డేటా మీద పనిచేస్తుందని వీళ్ళు చూపించారు.

ఇంకో సంగతి. ఇక్కడ అడ్డమనుకుంటున్న లెన్సింగే, ఇంకొకరికి కృష్ణపదార్థం మ్యాపు, న్యూట్రినోల బరువు తేల్చే తూకం. పారేసి ఉంటే వాళ్ళ నోట్లో మట్టే.

మనమేమో 'ఔట్‌లయర్' అనే ఒక్కమాటతో రోలు రోలంతా డిలీట్ కొట్టేస్తాం. ఈసారి కొట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం: ఇది చెత్త అని చెప్పే వేరే సాక్షి ఎవరు? ఒరిజినల్ భద్రంగా ఉందా? మన శుభ్రతలో ఎంత తప్పుండొచ్చో రాశామా? మూడింటికీ జవాబుంటే అది క్లీనింగ్. లేదంటే వంటే.

ఏమంటారు?