ఇనుప శ్రుతి

త్యాగరాజ కీర్తనలు, ఘంటసాల పద్యాలు వినిపించే తెలుగు ఇంట హెవీ మెటల్ అనే రణగొణ ధ్వనికి చోటెక్కడిదని మిత్రులు మమ్ము ముప్పై ఏళ్లుగా ప్రశ్నిస్తున్నారు. ఇతర పట్టణాలవారు అడిగితే అర్థమున్నది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుండి ఇనుము మోతనే జోలపాటగా చేసుకొన్న భిలాయివాసులు అడగడమే మాకు వింత. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తరలివచ్చిన మా పెద్దలు మొదట ఆ మోతకు బెదిరేవారు. పిదప అది ఆగితే బెదిరేవారు.

మా అభిమాన బృందం బ్లాక్ సబ్బాత్. 1991లో ఒక బంధువు ఇచ్చిన పాత కాసెట్టుతో మొదలైన అనుబంధమిది. మిల్లులో చెవులకు ప్లగ్గులు పెట్టుకొని, ఇంటికి రాగానే కోరి అదే మోత వినడమేమిటని మా ఇల్లాలి ఆక్షేపణ. ఆ సంగీతం పుట్టిన చోటు తెలిసిన పిదప ఆమెకు సమాధానం వెదకడం మానుకొన్నాము.

ఆ నలుగురూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్మికవాడల బిడ్డలు. గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేసేవాడు. సంగీతాన్నే వృత్తిగా స్వీకరించదలచి ఉద్యోగం వదులుకొన్నాడు. ఆనాడు పనిలో కడపటి దినం. మధ్యాహ్న భోజనానికి ఇంటికి వచ్చి, ఇక తిరిగి పోనన్నాడు. పని ముగించి రమ్మని తల్లి పంపినది. ఆ రోజు రాని మరొకరి స్థానంలో, అలవాటులేని యంత్రం వద్ద అతనిని నిలిపారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొనలు తెగిపోయినవి. అతడు ఎడమచేతి వాటంవాడు. తీగలను మెట్లపై అదిమేది ఆ కుడిచేయే.

అలవాటులేని యంత్రం, రాని మనిషి, ఆఖరి షిఫ్టు. మనలో ఏ ఫోర్‌మన్‌కైనా ఈ మూడు మాటలు చాలు.

రెండు వేళ్లతోనే గిటారు వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును కర్మాగారం మేనేజరు తెచ్చి వినిపించాడు. అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకొన్నాడు, వాటికి తోలు అతికించాడు, సన్నని తీగలు కట్టాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో శ్రుతినే దించివేశాడు. బిగువు తగ్గితే వేలికి శ్రమ తగ్గుతుంది. నాదం మంద్రానికి దిగి బరువెక్కుతుంది. వీణ తీగ దించి మీటి చూచినవారికి ఇది కొత్త కాదు.

ఆ ప్రమాదమే లేకుంటే హెవీ మెటల్ పుట్టేదే కాదని అభిమానులు మురిపెంగా చెప్పుకొంటారు. మాకది రుచించదు. వేళ్లు పోగొట్టుకొన్న కార్మికులను కొందరిని ఎరుగుదుము. వారెవరికీ కీర్తి రాలేదు. మాకు ప్రాణప్రదమైన ఆ పాటలు లేకపోయినా సరే, ఆ కుర్రవాని వేళ్లు నిలిచి ఉండవలసినదే.

ఆ నగర ప్రాంతం నుండే జూడాస్ ప్రీస్ట్ బృందం 1980లో 'బ్రిటిష్ స్టీల్' పేరిట ఆల్బం వెలువరించినది. వారి గిటారిస్టు గ్లెన్ టిప్టన్ ఒకప్పుడు ఆ సంస్థ ఉద్యోగి. 1988లో ప్రైవేటుపరం కాకమునుపు అదీ మన వలె ప్రభుత్వ రంగ సంస్థే.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో బ్లాక్ సబ్బాత్ వీడ్కోలు కచేరీ జరిగినది. పార్కిన్సన్ వ్యాధితో నిలువలేని గాయకుడు ఓజీ ఆస్బర్న్ సింహాసనం వంటి ఆసనంలో కూర్చొని పాడాడు. 17 రోజులకే, జూలై 22న, 76వ ఏట కన్నుమూశాడు. ఆ సాయంత్రం అతని పక్కన నిలిచి వాయించిన అయోమీకి 77 ఏళ్లు. ఆ రెండు వేళ్లకూ అప్పటికీ తొడుగులే.